చాయ్‌పత్తి ఏది కొనాలి: తోటల్లో కూలీల హక్కులు పట్టించుకునేవాళ్లకు ఒక పోలిక

సూటిగా చెప్తాను. "ఇది కొనండి, ఈ తోటలో కూలీలకు ఏ అన్యాయం జరగలేదు" అని గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలిగే టీ పొడి ప్యాకెట్ వరంగల్ మార్కెట్లో నాకు కనబడలేదు. అలాగని అన్నీ ఒకటే కాదు. కొన్నింటి గురించి అడిగితే ఏదో ఒక జవాబు వస్తుంది, కొన్నింటి గురించి అసలు ఎవరిని అడగాలో కూడా తెలియదు. ఎంపిక ఆ తేడా దగ్గర మొదలవుతుంది. ఇంటికి నెలకు కిలో కొనేవాళ్లకూ, కాజీపేట స్టేషన్ దగ్గర చాయ్ బండి నడిపేవాళ్లకూ, హాస్టల్ మెస్‌కి బస్తాల లెక్కన తెప్పించేవాళ్లకూ ఒకే సలహా సరిపోదు, అందుకే చివర్లో ఎవరిది వాళ్లకు విడిగా రాశాను. తొందరలో ఉంటే నేరుగా అక్కడికి వెళ్లండి, కానీ మధ్యలో ఉన్న లెక్క మాత్రం ఒకసారి చూసి వెళ్లండి.

## కప్పులో కూలి ఎంత

కిలో టీ పొడి తయారు కావాలంటే దాదాపు నాలుగున్నర కిలోల పచ్చాకు కావాలి. అసోం తోటల్లో ఒక మనిషి రోజుకు కోయాల్సిన ఆకు సాధారణంగా 24 కిలోల చుట్టూ ఉంటుంది, అంటే ఒక ఆడమనిషి రోజంతా వీపున బుట్ట వేసుకుని కోసిన ఆకు ఐదు కిలోల పైచిలుకు పొడి అవుతుంది. బ్రహ్మపుత్ర లోయలో రోజు కూలి 2023 అక్టోబర్‌లో 250 రూపాయలకు పెరిగింది. ఆ లెక్కన కిలో పొడిలో కోత కూలి 50 రూపాయల లోపే. కిలోకి 400 కప్పులు వస్తాయనుకుంటే కప్పుకి 12 పైసలు.

ఆ తర్వాతి ఆర్థిక సంవత్సరం, 2024-25లో, మన తెలంగాణలో ఉపాధి హామీ కూలి 300 రూపాయలు. చెరువు పూడిక తీసే పనికి ఇచ్చే దానికన్నా తేయాకు కోతకు తక్కువ ఇచ్చారన్నమాట. కేరళ, తమిళనాడు తోటల్లో కూలి 400 దాటింది కాబట్టి అక్కడ పరిస్థితి కొంత నయం.

యాజమాన్యాలు దీనికి ఎప్పుడూ ఒకే మాట చెప్తాయి: కూలి ఒక్కటే చూడొద్దు, ఇల్లు ఇస్తున్నాం, రేషన్ ఇస్తున్నాం, ఆస్పత్రి నడుపుతున్నాం, కొమ్మలు కత్తిరించేవాళ్లు, మందు కొట్టేవాళ్లు, ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లు వేరే ఉన్నారు అని. అది అబద్ధమేమీ కాదు. అయినా ఒక లెక్క వేసి చూడండి, రోజు కూలి ఒకేసారి 100 రూపాయలు పెంచినా కిలో పొడి మీద పడేది 20 రూపాయల లోపు, కప్పు మీద 5 పైసలు. ఆ 5 పైసలు ఇవ్వనన్నది చాయ్ తాగేవాడు కాదు. మధ్యలో ఎక్కడో ఆగిపోతోంది. ఎక్కడ ఆగుతోందో 2019లో ఆక్స్‌ఫామ్ అనే స్వచ్ఛంద సంస్థ అసోం టీ మీద ఇచ్చిన నివేదిక కొంత చెప్పింది: బ్రిటన్‌లో 100 గ్రాముల టీ 79 పెన్నీలకు అమ్మితే అందులో సూపర్‌మార్కెట్లకు, బ్రాండ్లకు కలిపి 49 పెన్నీలు, కూలీలందరికీ కలిపి 3.

## వేటిని బట్టి చూడాలి

నేను ఐదు విషయాలు పెట్టుకున్నాను, ప్రాధాన్యం కూడా ఇదే వరసలో.

ఆకు ఎక్కడిదో చెప్తారా. ఇదే మొదటిది. తోట పేరు తెలియకపోతే మిగతా ప్రశ్నలు అడగడానికే వీలుండదు. 2018లో బ్రిటన్‌లో ట్రెయిడ్‌క్రాఫ్ట్ అనే సంస్థ "నా టీ ఆకు ఎవరు కోశారు" అంటూ కంపెనీల వెంటపడింది, యార్క్‌షైర్ టీ మొదట తోటల జాబితా బయటపెట్టింది, తర్వాత ట్వైనింగ్స్, టెట్లీ, పీజీ టిప్స్ కూడా పెట్టక తప్పలేదు. ఏళ్ల తరబడి వ్యాపార రహస్యం అన్నది కొన్ని నెలల్లో వెబ్‌సైట్లోకి వచ్చేసింది. అడిగితే వస్తుందని దాని అర్థం.

చట్టం వర్తించే చోటి నుంచి వస్తోందా. 1951 నాటి ప్లాంటేషన్స్ లేబర్ చట్టం ప్రకారం తోట యజమాని కూలీలకు ఇల్లు, తాగునీరు, మరుగుదొడ్లు, వైద్యం ఇవ్వాల్సి ఉండేది, 50 మంది మహిళలు పనిచేస్తే పిల్లల కోసం శిశు సంరక్షణ గది పెట్టాల్సి ఉండేది. కానీ అది కనీసం 5 హెక్టార్లు, 15 మంది కూలీలు ఉన్న తోటలకే. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లలో ఈ చట్టం కలిసిపోయింది. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఏమిటంటే, దేశంలో ఇప్పుడు తయారయ్యే టీలో సగానికి పైగా ఆకు చిన్న రైతులదే. ఆ ఎకరం, రెండెకరాల తోటల్లో రోజు కూలికి వచ్చేవాళ్లకు పాత చట్టమిచ్చిన ఇల్లూ లేదు, ఆస్పత్రీ లేదు.

కొనే కంపెనీ ఎంత ధర ఇస్తోంది. కంపెనీ ఎన్ని నీతి నియమావళులు రాసుకున్నా, వేలంలో ధర నేలకు దిగినప్పుడు అదే ధరకు కొని పక్కకు తప్పుకుంటే తోటవాడు కోత పెట్టేది కూలీ ఇంటి మరమ్మతులోనో, పీఎఫ్ కట్టడంలోనో. దీన్ని బయట నుంచి చూడటం కష్టం, కానీ అడగకుండా వదిలేయకూడదు.

తనిఖీ ఎవరిది, కూలీ నోరు విప్పగలదా. సిరిసిల్ల, జగిత్యాల, నిజామాబాద్ వైపు బీడీలు చుట్టే ఇళ్లలో పెరిగినవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. తునికాకు తక్కువ తూచి ఇచ్చి వెయ్యి బీడీలు లెక్కపెట్టి తీసుకోవడం, బాగాలేవని కొన్ని తీసేయడం, అడిగితే రేపటి నుంచి ఆకు ఇవ్వనని బెదిరించడం. తేయాకు తోటలో కూడా గొడవంతా తూకం దగ్గరే. మూటగట్టిన గుడ్డ బరువని కొంత, ఆకు తడిసిందని కొంత తీసేసి మిగిలింది రాస్తారు. ఏడాదికోసారి వచ్చి ఆఫీసు గదిలో రిజిస్టర్లు చూసి పోయే ఆడిటర్‌కి ఇది కనబడదు. సూపర్‌వైజర్‌ని పక్కన నిలబెట్టుకుని "మీకేమైనా సమస్యలున్నాయా అమ్మా" అంటే ఎవరు చెప్తారు?

మన నాలుక, మన జేబు. చివర పెట్టాను గానీ ఇది లేకపోతే మిగతావన్నీ కాగితం మీదే ఉండిపోతాయి. పాలు ఎక్కువ, చక్కెర ఎక్కువ, రంగు దిగాలి, కడక్‌గా ఉండాలి. మనకు కావాల్సింది డస్ట్ టీ, సన్న రవ్వలా ఉండే పొడి. డార్జిలింగ్ ఆకు ఎంత గొప్పదైనా మన గిన్నెలో పాలతో మరిగిస్తే అటు డబ్బూ పోతుంది ఇటు చాయ్ కూడా కాదు.

## ఒక్క చూపులో

| ఎంపిక | ఆకు ఎక్కడిదో తెలుస్తుందా | బయటి తనిఖీ | పాల చాయ్‌కి | ఖర్చు |
|---|---|---|---|---|
| లూజ్ టీ | కిలో కొంటే తెలియదు, బస్తా కొంటే తెలియొచ్చు | లేదు | బాగుంటుంది, బస్తాకీ బస్తాకీ తేడా | తక్కువ |
| పెద్ద బ్రాండ్ ప్యాకెట్ | ప్యాకెట్ మీద ఉండదు, కంపెనీని అడగాలి | కొంత | ఎప్పుడూ ఒకేలా | మధ్యస్థం |
| ముద్ర (తోటను తనిఖీ చేశామని బయటి సంస్థ వేసే గుర్తు) ఉన్న టీ | ముద్ర సంస్థకు తెలుసు, మనకు అంతగా తెలియదు | ఉంది, నమ్మకం పాక్షికం | బ్రాండ్‌ని బట్టి | మధ్యస్థం నుంచి ఎక్కువ |
| సహకార, కార్మిక వాటా కంపెనీల టీ | ప్రాంతం, ఫ్యాక్టరీ తెలుస్తాయి | కొంత | రంగు బాగుంటుంది, కడక్ తక్కువ | మధ్యస్థం, పైగా కొరియర్ |
| ఒకే తోట టీ, ఆన్‌లైన్ | తోట పేరుతో సహా | తోటని బట్టి | చాలావరకు కుదరదు | బాగా ఎక్కువ |

## లూజ్ టీ

దీని మీద అందరికీ చిన్నచూపు. కల్తీ భయం న్యాయమైనదే (తడి ఫిల్టర్ కాగితం మీద చిటికెడు పొడి చల్లండి, వెంటనే రంగు మరకలు పాకితే ఆ కొట్టు మానేయండి), కానీ అది వేరే విషయం. కూలీల హక్కుల వైపు నుంచి చూస్తే లూజ్ టీ కథ అనుకున్నంత సూటిగా ఉండదు.

కిలో, అర కిలో కాగితం పొట్లంలో కొనేవాళ్లకు ఏమీ తెలియదు, నిజమే. కొట్టు సేటు రెండు మూడు రకాలు కలిపి అమ్ముతాడు, ఆ కలిపే లెక్కే అతని వ్యాపారం. కానీ మొత్తం బస్తా కొనేవాళ్ల సంగతి వేరు. గువాహటి, కోల్‌కతా, సిలిగురి, కూనూరు, కొచ్చి, కోయంబత్తూరు వేలం కేంద్రాల నుంచి వచ్చే బస్తా మీద తోట లేదా ఫ్యాక్టరీ మార్కు, గ్రేడు, ఇన్వాయిస్ నంబరు, నికర బరువు అచ్చు వేసి ఉంటాయి. అంటే సీలు విప్పని బస్తా కొనే చాయ్ హోటల్ యజమానికి తన ఆకు పుట్టినచోటు, సూపర్‌మార్కెట్లో ఖరీదైన ప్యాకెట్ కొనే ఇంజనీరు గారికన్నా బాగా తెలిసే వీలుంది! ఆ మార్కు ఫోన్‌లో వెతికితే అది సొంత తోట ఉన్న ఎస్టేటా, బయటి రైతుల దగ్గర పచ్చాకు కొని పొడి చేసే ఫ్యాక్టరీయా చాలాసార్లు తెలిసిపోతుంది.

తెలిసి ఏం లాభం అంటారా, అదే ఇబ్బంది. తోట పేరు తెలుస్తుంది గానీ మధ్యలో జవాబు చెప్పాల్సిన కంపెనీ ఉండదు. మెయిల్ పెడదామంటే కస్టమర్ కేర్ లేదు, చూద్దామంటే వార్షిక నివేదిక లేదు. తోటలో ఏదైనా బయటపడితే ఆ వ్యాపారి ఇంకో మార్కు బస్తా దించుకుంటాడు, అంతే. ఈ కారణంగానే దీన్ని నేను కింద పెడతాను, చౌక అని కాదు.

## పెద్ద బ్రాండ్ ప్యాకెట్

మన దగ్గర కిరాణాల్లో కనబడేవి ఎక్కువగా రెండు కంపెనీలవే. రెడ్ లేబుల్, తాజ్‌మహల్, త్రీ రోజెస్, తాజా హిందుస్థాన్ యూనిలీవర్‌వి. జెమిని, చక్ర గోల్డ్, కానన్ దేవన్ టాటా కన్స్యూమర్‌వి. హైదరాబాద్ నుంచి వచ్చే లాసా లాంసా లాంటివి, గుజరాత్ వాఘ్ బక్రీ వీటి తర్వాత.

పెద్ద కంపెనీతో ఉన్న లాభం ఒకటే, అది పారిపోలేదు. షేర్ మార్కెట్లో ఉంది, పేరు పోతే నష్టం ఉంది. షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ నియమం ప్రకారం పైనున్న 1000 లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి ఏటా వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదిక ఇవ్వాలి, దాన్ని పొట్టిగా బీఆర్‌ఎస్‌ఆర్ అంటారు (మన బీఆర్‌ఎస్ పార్టీకీ దీనికీ సంబంధం లేదు). అందులో ఐదో సూత్రం మానవ హక్కులది. సరుకు అందించేవాళ్లలో ఎంత శాతం మందిని బాల కార్మికులు, బలవంతపు పని, లైంగిక వేధింపులు, కూలి విషయాల్లో పరిశీలించారో రాయడానికి అక్కడ గడి ఉంది. కిటుకు ఏమిటంటే, ఆ గడి నింపడం తప్పనిసరి కాదు, స్వచ్ఛందం. కాబట్టి ఆ గడిలో ఏముందో చూడటం కన్నా దాన్ని అసలు నింపారా, నింపితే కంపెనీ సొంత ఫ్యాక్టరీల గురించి రాశారా, తోటల గురించి రాశారా అని చూడండి. రెండు నిమిషాల పని.

ఇక వీళ్ల చరిత్ర కూడా తెలిసి ఉండాలి. పెద్ద పేరు ఉంటే తోట బాగుంటుందని లేదు. అసోం, బెంగాల్‌లో టాటా టీ తోటలు అమాల్గమేటెడ్ ప్లాంటేషన్స్ అనే వేరే కంపెనీ అయ్యాయి, 2009లో ప్రపంచ బ్యాంకు గ్రూపులోని ఐఎఫ్‌సీ అందులో పెట్టుబడి పెట్టింది, కూలీలకు కూడా షేర్లు అన్నారు. 2014 జనవరిలో కొలంబియా లా స్కూల్ బృందం అక్కడి ఇళ్లు, మురుగు, మందు కొట్టేవాళ్ల రక్షణ, కూలి గురించి ఘాటుగా రాసింది. 2016లో ప్రపంచ బ్యాంకు గ్రూపు సొంత ఫిర్యాదుల విభాగమే ఐఎఫ్‌సీ పర్యవేక్షణలో లోపాలున్నాయని తేల్చింది. "తోటలు మావి కావు, మేం ఆకు కొనేవాళ్లమే" అనే మాట బ్రాండ్ల నోట తరచూ వస్తుంది. వాటా ఉన్నా లేకపోయినా, ఆ ఆకు మీద లాభం తీసుకునేవాళ్లకు దానికి జవాబుదారీ కూడా ఉంటుందని ఐక్యరాజ్యసమితి 2011లోనే మార్గదర్శక సూత్రాలు పెట్టింది. కాబట్టి ఆ మాట చెల్లదు.

ఇంకో గందరగోళం తీర్చేస్తాను. 2023 ఫిబ్రవరిలో కెన్యాలోని కెరిచో తోటల్లో సూపర్‌వైజర్లు పని కోసం వచ్చిన ఆడవాళ్లను లైంగికంగా దోచుకోవడం బీబీసీ బయటపెట్టినప్పుడు రెడ్ లేబుల్ మానేయాలా అని వాట్సాప్ గ్రూపుల్లో నడిచింది. అక్కడి తన తోటల వ్యాపారాన్ని యూనిలీవర్ 2022లోనే సీవీసీ అనే పెట్టుబడి సంస్థకు అమ్మేసింది, మన దేశంలోని టీ బ్రాండ్లు ఆ అమ్మకంలో లేవు, అవి హిందుస్థాన్ యూనిలీవర్ దగ్గరే ఉన్నాయి. కెరిచో ఆకు మన ప్యాకెట్ ప్రశ్న కాదు. అసోం, డూవార్స్ (ఉత్తర బెంగాల్), నీలగిరి ఆకు మన ప్రశ్న.

## ముద్ర ఉన్న టీ

ఆకుపచ్చ కప్ప బొమ్మ ఉంటే రెయిన్‌ఫారెస్ట్ అలయన్స్. నీలం, ఆకుపచ్చ రంగుల మధ్య చెయ్యెత్తిన మనిషి ఆకారం ఉంటే ఫెయిర్‌ట్రేడ్. ట్రస్టీ (trustea) అనేది మన దేశపు కార్యక్రమం, 2013లో కేంద్ర ప్రభుత్వ సంస్థ టీ బోర్డు, హిందుస్థాన్ యూనిలీవర్, టాటా, నెదర్లాండ్స్‌కు చెందిన ఐడీహెచ్ అనే సంస్థ కలిసి మొదలుపెట్టాయి. వీటితో పాటు అసోం, డార్జిలింగ్, నీలగిరి అని టీ బోర్డు గుర్తులు కూడా కనబడతాయి. అవి ఆకు ఆ ప్రాంతానిదని మాత్రమే చెప్తాయి, కూలీలతో వాటికి పనిలేదు. కొట్లలో రెండూ ఒకటే అన్నట్టు చూపిస్తారు, పడిపోకండి.

ముద్ర చూసి నిశ్చింతగా ఉండొచ్చా? లేదు. 2015లో బీబీసీ అసోంలోని రెయిన్‌ఫారెస్ట్ ముద్ర ఉన్న తోటలకు వెళ్లి విరిగిన మరుగుదొడ్లు, రక్షణ లేకుండా మందు కొట్టేవాళ్లను చూపించింది, లండన్‌లోని హారడ్స్ దుకాణం ఒక తోట టీని అమ్మకం నుంచి తీసేసింది. కెరిచోలో బయటపడినవి కూడా ముద్ర ఉన్న తోటలే. 2018లో షెఫీల్డ్ విశ్వవిద్యాలయం పరిశోధన అసోం, కేరళ తోటలు తిరిగి, కూలి, పని పరిస్థితుల్లో ముద్ర ఉన్న తోటకూ లేని తోటకూ పెద్ద తేడా కనబడలేదని చెప్పింది.

అయినా ముద్రలన్నీ ఒక గాటన కట్టను. ఫెయిర్‌ట్రేడ్‌లో టీ ధరతో పాటు అదనపు సొమ్ము వస్తుంది, దాన్ని ఎలా ఖర్చుపెట్టాలో కూలీలతో కూడిన కమిటీ నిర్ణయిస్తుంది. చిక్కు ఏమిటంటే తోట మొత్తానికి ముద్ర ఉన్నా, ఆ ముద్ర ధరకు అమ్ముడయ్యేది అందులో కొంత భాగమే, మిగతాది మామూలు టీగానే పోతుంది, కాబట్టి ఆ సొమ్ము పలచబడుతుంది. రెయిన్‌ఫారెస్ట్ బలం అడవి, నీళ్లు, పురుగుమందుల దగ్గర ఎక్కువ. ట్రస్టీకి ఉన్న ఒక మంచి గుణం, అది చిన్న రైతుల దాకా, ఆకు కొనే ఫ్యాక్టరీల దాకా వెళ్తుంది, అంటే చట్టం అందని చోటికి. దాని బలహీనత కూడా పైకే కనబడుతుంది: కొనే కంపెనీలే పెట్టిన కార్యక్రమం, కొనే ధర గురించి కంపెనీలను నిలదీస్తుందని నేను ఆశ పెట్టుకోను.

రెండు ప్యాకెట్లు ఒకే ధర, ఒకే రుచి, ఒకదాని మీద ముద్ర ఉందంటే ముద్ర ఉన్నదే తీసుకోండి. ముద్ర కోసం కిలోకి 200 అదనంగా మాత్రం నేను పెట్టను.

## సహకార, కార్మిక వాటా కంపెనీల టీ

నాకు ఎక్కువ ఆసక్తి ఉన్నది, ఎక్కువ జాగ్రత్తగా చూడాల్సింది కూడా ఇదే.

నీలగిరిలో ఇండ్‌కోసర్వ్ అని తమిళనాడు ప్రభుత్వం వెనక ఉన్న సహకార సమాఖ్య ఉంది, 16 ఫ్యాక్టరీలు, దాదాపు 30 వేల మంది చిన్న రైతులు సభ్యులు. ఆకు ఎక్కడిదో సందేహం లేదు, లాభం బొంబాయికి పోదు. కానీ ఒకటి గమనించాలి, అది రైతుల సహకార సంఘం, కూలీలది కాదు. ఆ రైతు పొలంలో ఆకు కోసే మనిషికి ఎంత ఇస్తున్నారన్నది రైతుకు పచ్చాకు ధర ఎంత వచ్చిందన్న దాని మీద ఆధారపడుతుంది, ఆ ధర గిట్టుబాటు కావట్లేదని నీలగిరి రైతులు 2023లో నిరాహార దీక్షలకు కూర్చున్నారు. అదే తమిళనాడులో టాన్‌టీ అని ప్రభుత్వ తోటల సంస్థ ఉంది, 1964 ఒప్పందం తర్వాత శ్రీలంక నుంచి తిరిగొచ్చిన తమిళ కుటుంబాలకు పని చూపించడానికి పెట్టింది.

రెండోది మున్నార్. 2005లో టాటా టీ అక్కడి తోటల నుంచి తప్పుకున్నప్పుడు కానన్ దేవన్ హిల్స్ ప్లాంటేషన్స్ అనే కంపెనీ పుట్టింది, ఎక్కువ వాటా ఉద్యోగులు, కూలీలదే. పేరు దగ్గర చాలామంది పొరబడతారు. "కానన్ దేవన్" అని కిరాణాలో దొరికే ప్యాకెట్ టాటా బ్రాండు. కూలీలకు వాటా ఉన్న కంపెనీ తన టీని "రిపుల్" పేరుతో అమ్ముతుంది.

కూలీలే వాటాదారులైతే సమస్య తీరినట్టేనా? 2015 సెప్టెంబర్‌లో ఆ కంపెనీలోనే బోనస్ 20 నుంచి 10 శాతానికి తగ్గిస్తే వేల మంది ఆడవాళ్లు మున్నార్ రోడ్డు మీద కూర్చున్నారు. పార్టీ యూనియన్ల నాయకులను దగ్గరికి రానివ్వలేదు, తమకు తామే పెంపిళై ఒరుమై (ఆడవాళ్ల ఐక్యత) అని పేరు పెట్టుకున్నారు. చివరికి 20 శాతమూ ఇప్పించుకున్నారు. 2020 ఆగస్టులో పెట్టిముడి దగ్గర కొండ విరిగి ఆ కంపెనీ కూలీల లైన్ ఇళ్ల (వరసగా కట్టిన గదుల) మీద పడి దాదాపు 70 మంది చనిపోయారు. చేతిలో షేర్ కాగితం ఉన్నా ఉండే గది తాతల నాటి లైన్ గదే.

మరి ఎందుకు దీన్ని పైన పెడుతున్నాను? కూలి ఉత్తరాది తోటల కన్నా ఎక్కువ, గొడవ జరిగితే మలయాళ, తమిళ పత్రికల్లో మర్నాడే వస్తుంది, కూలీలు కొట్లాడి తెచ్చుకోగలరని చూపించారు. బాగున్న తోట అని కాదు, బాగాలేకపోతే బయటికి వినబడే తోట అని.

రుచి సంగతి: దక్షిణాది డస్ట్ రంగు బాగా ఇస్తుంది, వాసన బాగుంటుంది, కానీ అసోం పొడికి అలవాటుపడ్డ నాలుకకు చాయ్‌లో చిక్కదనం తక్కువనిపిస్తుంది. మా ఇంట్లో రెండు వంతులు నీలగిరి, ఒక వంతు అసోం కలిపి వాడతాం. అల్లం వేస్తే తేడా ఎవరూ కనిపెట్టలేరు. హన్మకొండ కిరాణాల్లో దొరకడం కష్టం, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి, రెండు మూడిళ్లవాళ్లు కలిసి తెప్పించుకుంటే కొరియర్ ఖర్చు కలిసొస్తుంది.

ఒకే తోట పేరుతో ఆన్‌లైన్‌లో అమ్మే ఖరీదైన టీల గురించి ఎక్కువ రాయను. పాలు లేకుండా తాగే అలవాటుంటే కొనండి, తోటవాళ్లతో నేరుగా మాట్లాడే వీలుంటుంది. ఫొటోల్లో నవ్వుతూ బుట్టలతో నిలబడ్డ ఆడవాళ్లను చూసి మాత్రం కొనకండి.

## ఎవరికి ఏది

ఇంటికి. నెలకు కిలో లోపు. తెప్పించుకునే ఓపిక ఉంటే సహకార లేదా రిపుల్ లాంటిది మూలంగా పెట్టుకుని, కడక్ కోసం ముద్ర ఉన్న అసోం ప్యాకెట్ కొంచెం కలుపుకోండి. ఓపిక లేదంటే ఇప్పుడు వాడుతున్న పెద్ద బ్రాండే వాడుతూ ఏడాదికి ఒక్క మెయిల్ పెట్టండి: ఈ ప్యాకెట్‌లో ఆకు ఏ తోటలది, ఆ జాబితా ఎక్కడ పెట్టారు, చిన్న రైతుల పొలాల్లో కూలీలకు ఇచ్చే కూలి ఎలా పరిశీలిస్తున్నారు. బ్రాండ్ మార్చి ఊరుకోవడం కన్నా ఆ మెయిల్ విలువ ఎక్కువని నా అభిప్రాయం, ఎందుకంటే మీరు మానేసిన సంగతి కంపెనీకి తెలియదు, అడిగిన సంగతి రికార్డులో ఉంటుంది. మొదటి జవాబు తయారుగా పెట్టుకున్న నాలుగు ముక్కలే వస్తుంది. మళ్లీ అడగండి.

చాయ్ హోటల్, బండి. ఇక్కడ ఉపదేశాలు పనికిరావు, లెక్క కావాలి. రోజుకు రెండు కిలోల పొడి కొట్టే బండికి కిలోకి 60 రూపాయలు పెరిగితే కప్పుకి 15 పైసలే, వినడానికి ఏమీ కాదు. కానీ రోజుకు 120, నెలకు 3,600. గ్యాస్ బండ, పాల ధర, రోడ్డు మీద స్థలం టెన్షన్ మధ్య అది చిన్న మొత్తం కాదు. కాబట్టి పొడి మార్చమని చెప్పను. విప్పని బస్తా ఇవ్వమని హోల్‌సేల్ సేటుని అడగండి, మార్కు చూసుకోండి, అదే మార్కు మళ్లీ కావాలని అడగండి. మీ దగ్గర నాణ్యత కూడా నిలకడగా ఉంటుంది, అది సొంత లాభమే. రెండు మూడు బండ్లవాళ్లు కలిసి ఒకే ఎస్టేటు మార్కు అడిగితే సేటు తెప్పిస్తాడు. అతనికి కావాల్సింది బేరం.

హాస్టల్ మెస్, ఆఫీసు, ఫంక్షన్ హాల్, క్యాంటీన్. అసలు బలం ఇక్కడుంది, వాడుకునేవాళ్లే లేరు. కాలేజీ క్యాంటీన్‌కో, ఆస్పత్రికో టీ పొడి సరఫరా టెండర్లో ఒక్క వాక్యం చేర్చడానికి పైసా ఖర్చు లేదు: సరఫరాదారు తోట లేదా ఫ్యాక్టరీ పేరు, లేదా బ్రాండ్ ప్రకటించిన తోటల జాబితా జతచేయాలి. కొనుగోలు కమిటీలో కూర్చున్న విద్యార్థి ప్రతినిధులు అడగాల్సింది ఇదే. తక్కువ ధర కోట్ చేసినవాడికే ఇవ్వాలన్న నియమం ఉన్నచోట కూడా ఈ షరతు అర్హతల్లో పెట్టొచ్చు, అప్పుడు పేరు చెప్పలేనివాడు ధర దాకా రాడు.

టీ కంపెనీల షేర్లు ఉన్నవాళ్లు. పది షేర్లున్నా వార్షిక సమావేశంలో ప్రశ్న పంపే హక్కుంది, ఇప్పుడవి వీడియోలో జరుగుతున్నాయి, హన్మకొండలో కూర్చునే అడగొచ్చు.

## మొత్తానికి మానేస్తే?

అసోం టీ బహిష్కరిద్దాం అనే మాట కూడా వింటున్నాను. నేను ఒప్పుకోను. డూవార్స్‌లో తోటలు మూతపడినప్పుడు ఏమైందో రికార్డులో ఉంది, కూలి ఆగిపోయింది, రేషన్ ఆగిపోయింది, ఇల్లు తోటదే కాబట్టి కదల్లేని స్థితి, ఆకలి చావులు. బకాయిల కోసం కేసు సుప్రీంకోర్టు దాకా నడిచింది. తోట మూతపడితే మొదట దెబ్బతినేది కూలీ, యజమాని కాదు. నిర్దిష్టంగా ఒక తోటలోని యూనియనో, కూలీలో "మా టీ కొనకండి" అని పిలుపిస్తే అది వేరే, అప్పుడు మానేయండి.

ఈ పోలిక ఏడాదికోసారి తిరగేయాల్సిందే, బ్రాండ్లు చేతులు మారుతుంటాయి, కూలి ఒప్పందాలు మారుతుంటాయి. కంపెనీల వార్షిక నివేదికలు, వాటితో పాటు బీఆర్‌ఎస్‌ఆర్‌లు చాలావరకు వేసవి చివర్లో, వానాకాలం మొదట్లో వస్తాయి. మెయిల్ పెట్టేవాళ్లు అవి వచ్చాక పెడితే నేరుగా పేజీ నంబరు చూపించి అడగొచ్చు.